రంపపు పొట్టు, బంగారు రజను: నగల పనిశాలల్లో గాలి

దక్షిణ అండమాన్‌లోని చాతం, 2024 నుంచి శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నగరానికి ఒక వంతెనతో కలిసి ఉన్న చిన్న ద్వీపం. 1883లో ఇక్కడ వెలసిన ప్రభుత్వ సామిల్లు ఆసియాలోని పాత కోత మిల్లుల్లో ఒకటిగా పేరుపొందింది. అండమాన్ అడవుల్లో పెరిగే పడౌక్, గర్జన్ దుంగలు సముద్రం మీదుగా ఇక్కడికి చేరి, పలకలుగా, దూలాలుగా కోతపడి, ద్వీపాల్లోని ఇళ్లకూ ప్రధాన భూభాగానికీ వెళ్లేవి. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో అడవుల నరికివేతకు కళ్లెం పడి మిల్లు జోరు తగ్గిందిగాని, రంపం ఆడినంతసేపూ పొట్టు రాలక తప్పదు. పడౌక్ చెట్టు శేషాచలం కొండల ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. రెండూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి కావడంతో దీని చేవ కూడా ఎర్రగానే ఉంటుంది, కోసినప్పుడు రాలే పొట్టుకూ ఆ రంగే వస్తుంది. రంపం కింద కుప్పపడే ఆ ఎర్రని పొట్టును చూసినవారు దుమ్మంటే అదేననుకోవడం సహజమే అయినా, కంటికి కనిపించి నేలకు దిగిపోయే పొట్టు ఊపిరితిత్తుల లోతుకు చేరదు. గాలిలో నిలిచిపోయి, వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప కనిపించని సన్నని పొడిదే అసలు చేటు. నగరంలోని అబర్దీన్ బజారు మొదలుకొని ఇటు మచిలీపట్నం, ప్రొద్దుటూరు వీధుల దాకా ఆభరణాల పనిలో పుట్టే దుమ్ము, పొగ, ఆవిరి ఈ పొట్టు కంటే ఎన్నో రెట్లు సన్నవి, రసాయనికంగా ఇంకా తీవ్రమైనవి కాబట్టి, నగల పనివారి గాలిని అర్థం చేసుకోవడానికి చాతం రంపం దగ్గర మొదలుపెట్టడం మంచిది.

ధూళి కణాలను మైక్రాన్లలో కొలుస్తారు; ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. 10 మైక్రాన్లకు మించిన కణాలు చాలామటుకు ముక్కులోని వెంట్రుకలకూ గొంతులోని తడికీ చిక్కుకొని చీమిడిగానో కఫంగానో బయటపడతాయి. 4 మైక్రాన్లకు లోబడినవి మాత్రం శ్వాసనాళాల కొమ్మలూ రెమ్మలూ అన్నీ దాటుకొని, రక్తంలోకి ప్రాణవాయువు చేరే వాయుగోళాల దాకా పోతాయి. అక్కడ దుమ్మును పైకి నెట్టే నూగు ఉండదు, పట్టుకునే జిగురు ఉండదు. కణాన్ని మింగి మోసుకుపోయే రక్షక కణాలే దిక్కు, అవి మింగలేని దుమ్ము చేరినప్పుడు వాపు, ఆ తర్వాత మచ్చ ఏర్పడతాయి. ఈ కణాలు నేలకు దిగడానికి పట్టే కాలం చూస్తే విషయం మరింత తేటపడుతుంది: నీటి సాంద్రత గల 10 మైక్రాన్ల కణం కదలని గాలిలో ఒక మీటరు దిగడానికి ఐదారు నిమిషాలు తీసుకుంటే, అదే సాంద్రత గల 1 మైక్రాన్ కణానికి దాదాపు ఎనిమిది గంటలు, అంటే ఒక పనిదినం మొత్తం పడుతుంది. ఉదయం లేచిన దుమ్ము సాయంత్రానికి గాని దిగదు, దిగిన దాన్ని పొడి చీపురుతో ఊడిస్తే మళ్లీ లేస్తుంది.

కలప పొడి కేవలం తుమ్ములూ దగ్గూ తెచ్చి ఊరుకునేది కాదని 1960లలో ఇంగ్లండులో తేలింది. కుర్చీల తయారీకి పేరుపొందిన హై వికమ్ పట్టణంలో, ముక్కు లోపలి గదుల్లో చాలా అరుదుగా పుట్టే ఒక రకం క్యాన్సర్ కలప సామాను చేసేవారిలో పదేపదే కనిపించడాన్ని ఎస్మీ హ్యాడ్‌ఫీల్డ్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు గమనించి లోకానికి తెలియజేశారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల వర్గంలో చేర్చింది. రసాయనమేదీ కలపని, చెట్టు నుంచి వచ్చిన శుద్ధమైన పొడి కూడా ఇంత పని చేయగలదంటే, లోహమూ ఆమ్లమూ నిప్పూ కలిసే చోట గాలి ఎలా ఉంటుందో ఆలోచించవలసిందే.

అండమాన్ చేతిపనుల్లో కలపతో పాటు వాసికెక్కింది శంఖాల, గవ్వల, చిప్పల పని. టర్బో, ట్రోకస్ అనే పెద్ద సముద్రపు నత్తల గుల్లల లోపలి వైపు ఇంద్రధనుస్సు రంగులతో మెరిసే ముత్యపు పొర ఉంటుంది. ఒకప్పుడు ప్రపంచమంతటా చొక్కా బొత్తాలకు వాడిన ఈ పొరనే కోసి, అరగదీసి, కమ్మలుగా, పతకాలుగా, దండల పూసలుగా మలుస్తారు. 2001లో ఈ రెండు జాతులనూ మరికొన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో చేర్చడం వల్ల ముడిసరుకు దొరకడం కష్టమైంది. నత్తను కాపాడే చట్టం వచ్చింది, మంచిదే. ఆ గుల్లను అరగదీసేవారి ఊపిరి గురించి మాత్రం అంత చర్చ ఎన్నడూ సాగలేదు.

గుల్ల పనిలో మొదటి మెట్టు పైనున్న గరుకు పెచ్చును పోగొట్టడం. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచగానే గుల్లలోని కాల్షియం కార్బొనేట్ కరిగి నురగ లేస్తుంది. ఆ నురగలో పైకి తేలే కార్బన్ డయాక్సైడ్ బుడగలు ఒక్కొక్కటే చిట్లుతూ ఆమ్లపు తుంపరలను గాలిలోకి చిమ్ముతాయి, తొట్టి మీదికి వంగి చూసేవారి కళ్లూ ముక్కూ మండేది ఈ తుంపరల వల్లనే. తర్వాత తిరిగే చక్రానికి గుల్లను ఆనించి అరగదీస్తున్నప్పుడు తెల్లని పొడి లేస్తుంది, దానితో పాటు వెంట్రుక కాలిన వాసన వస్తుంది. గుల్ల బరువులో దాదాపు 95 పాళ్లు సున్నపు పదార్థమే అయినా, ఆ పలకలను ఒకదానికొకటి అంటించి ఉంచేది కాంకియోలిన్ అనే ప్రోటీను. చక్రం రాపిడికి కాలి వాసన వచ్చేది అదే. సున్నపు పొడి ఊపిరితిత్తుల తడిలో కొంతవరకు కరుగుతుంది, ప్రోటీను అలా కాదు. పరాయి ప్రోటీను పదేపదే లోపలికి చేరితే శరీరపు రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకొని, కొద్దిపాటి పొడికే ఆయాసం, పిల్లికూతలు వచ్చే స్థితికి చేరుతుంది; దీనినే ఉబ్బసమనీ, వాయుగోళాలే వాచినప్పుడు అతిసున్నితత్వపు నిమోనియా అనీ వైద్యులు అంటారు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ముత్యపు చిప్పలను తరిణె పట్టే కుర్రవాళ్ల ఎముకలు వాచిపోవడాన్ని శస్త్రవైద్యుడు గుస్సెన్‌బావర్ 1875లో వివరంగా రాశాడు. పీల్చిన పొడి రోగంగా బయటపడేది ఛాతీలోనే కానక్కరలేదని ఆ కుర్రవాళ్ల ఎముకలు ఆనాడే చెప్పాయి.

గుల్ల పనికి ఉన్నంతలో తేలికైన రక్ష నీరు. చక్రం మీద సన్నని ధార పడేటట్టు చేసి తడిగా అరగదీస్తే పొడి బురదగా కిందికి జారుతుంది. చక్రం చల్లగా ఉండి గుల్ల బీటలు వారదు, కాబట్టి పనికీ మేలే. ఎండిన తర్వాత ఆ బురద మళ్లీ దుమ్మే అవుతుంది గనక తడి ఆరకముందే ఎత్తివేయాలి.

బంగారం పనికి వస్తే, ఇక్కడ గాలి కథ వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. పెళ్లికి మంగళసూత్రమూ నల్లపూసలూ మెట్టెలూ కావలసిన చోట కంసాలి పనీ ఉంటుంది. ఆ పని తీరు ఎక్కడైనా ఒక్కటే: కుంపటి, ఊదుగొట్టం, మూస, పటకారు, కమ్మచ్చు, ఆకురాయి, వెలిగారం. పనిశాల సాధారణంగా ఇరుకైన గది, కిటికీలు తక్కువ, ఫంకా ఉన్నా ఆపి ఉంటుంది. ఇది అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు. గాలి వీస్తే మంట చెదురుతుంది, ఆకురాయి కింద రాలిన బంగారు రజను ఎగిరిపోతుంది. గోరంత రజనుకు కూడా లెక్క చెప్పవలసిన పనిలో గాలిని మూసివేయడమే వృత్తి ధర్మమైంది. పీట కింద గుడ్డ పరుస్తారు, చేతులు కడిగిన నీళ్లు దాస్తారు, ఊడ్చిన మట్టిని పారబోయరు. కంసాలి వీధుల మట్టిని కొనుక్కుపోయి నీళ్లలో కడిగి బంగారం ఏరుకుని బతికేవారూ ఉన్నారు. నగల పనివారి ఊపిరికి వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది: ఏ మూతలు బంగారాన్ని బయటికి పోనివ్వవో అవే పొగను లోపల నిలుపుతాయి.

అతుకు పెట్టే క్షణాన్ని దగ్గరగా చూస్తే ఇది స్పష్టమవుతుంది. రెండు ముక్కలు కలిసే చోట కుంచెతో వెలిగారం ముద్ద పూసి, ఆవగింజంత టంకపు పలుకులను పేర్చి, పనివాడు ముఖాన్ని జానెడు దూరానికి తెచ్చి ఊదుగొట్టంతో మంటను సూదిమొనలా దానిమీదికి తిప్పుతాడు. వెలిగారం మొదట పేలాల్లా తెల్లగా ఉబ్బి, ఆ తర్వాత కుంగి గాజులా పలుచబడుతుంది. నగ ఎర్రబారుతుంది, టంకం ఒక్కసారిగా మెరిసి గీతలా పారుతుంది. టంకం కరగాలి, నగ కరగకూడదు. అందుకని టంకం కరిగే వేడిని నగ బంగారం కంటే తగ్గించే లోహమేదో అందులో ఉండి తీరాలి. పూర్వం ఆ పనికి రాగి, వెండి ఎక్కువ పాళ్లలో కలిపేవారు, దానివల్ల అతుకుల దగ్గర బంగారం నాణ్యత పడిపోయేది. కాడ్మియం వచ్చాక 92 పాళ్లు బంగారానికి 8 పాళ్లు కాడ్మియం కలిపితే చాలునని తేలింది, నగ మొత్తం 22 క్యారెట్లకు తగ్గకుండా నిలిచింది. ‘కేడీఎం నగ’ అన్న మాట ఆ కాడ్మియం పేరులోని అక్షరాల నుంచే పుట్టింది.

కాడ్మియం 321 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, 767 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది. బంగారం కరగడానికే 1064 డిగ్రీలు కావాలి. అంటే అతుకు పెట్టే మంటలో టంకంలోని కాడ్మియంలో కొంత ఆవిరై పోక తప్పదు. ఆ ఆవిరి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గోధుమ ఛాయ గల సన్నని పొగగా మారుతుంది. దాని కణాలు ఒక మైక్రాన్‌కు లోబడినవి. వేడి గాలితో పాటు అవి నిట్టనిలువుగా పైకి లేస్తాయి, సరిగ్గా అక్కడే వంగి ఉన్న ముఖం ఉంటుంది. కాడ్మియం ఎగిరిపోయిన మేరకు అతుకులో బంగారం పాలు పెరుగుతుంది. నగకు ఆ మేరకు దక్కిన స్వచ్ఛత, దానిని చేసినవాడు పీల్చిన పొగకు సరిసమానం.

ఈ పొగలోని అన్నిటికన్నా మోసకరమైన గుణం ఆలస్యం. ఇత్తడి కరిగించేటప్పుడు వచ్చే జింకు పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, నోరు తియ్యగానో లోహపు రుచిగానో ఉంటుంది, ఒళ్లునొప్పులు పుడతాయి, మర్నాటికో ఆ మర్నాటికో దానంతటదే తగ్గిపోతుంది. వృత్తిలో ఉన్నవారు దీన్ని పెద్దగా పట్టించుకోరు. కాడ్మియం పొగ పీల్చినప్పుడు మొదటి కొన్ని గంటలు అచ్చం ఇలాగే ఉంటుంది, కాబట్టి మామూలు జ్వరమేనని పడుకుంటారు. కాని మోతాదు ఎక్కువైతే ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోవచ్చు. పొగ పట్టిన గదిలో అతుకు పనిచేసిన రాత్రి జ్వరంతో పాటు ఛాతీ బిగుసుకుంటే తెల్లవారే దాకా ఆగకూడదని పనివారి ఇళ్లలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

కొద్దికొద్దిగా ఏళ్లతరబడి పీల్చేవారిలో కాడ్మియం మూత్రపిండాల్లో పేరుకుంటుంది. అక్కడ చేరినదానిలో సగం పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది గనక పని మానేసిన తర్వాత కూడా అది తన పని చేస్తూనే ఉంటుంది. జపానులో జింజు నది నీటితో పండిన వరి తిన్నవారి ఎముకలు గుల్లబారి, నొప్పికి తాళలేక అరిచిన అరుపునే పేరుగా పొందిన ఇతాయ్ ఇతాయ్ వ్యాధికి కారణం కాడ్మియమేనని ఆ ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. కాడ్మియం కూడా కలప ధూళిలాగే క్యాన్సర్ కారకమని రుజువైన పదార్థాల జాబితాలో ఉంది. కాడ్మియం టంకాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ అంగీకరించదు; జింకు, ఇండియం, గాలియం కలిపిన టంకాలు బజారులో దొరుకుతున్నాయి. 2021 నుంచి దశలవారీగా తప్పనిసరి అయిన హాల్‌మార్కు ముద్ర నగలోని బంగారమెంతో చెబుతుంది, అది చేసిన గదిలోని గాలి గురించి చెప్పడం దాని పని కాదు. ఆ పని ఏ ముద్రకూ అప్పగించకపోవడమే లోటు.

మిగిలిన ప్రమాదాలు కూడా తక్కువవి కావు. కుంపటి బొగ్గు సరిగా కాలకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. మధ్యాహ్నానికి వచ్చే తలనొప్పికి మంటవేడి కంటే ఇదే కారణం కావచ్చు. బంగారం శుద్ధికి వాడే నత్రికామ్లం లోహంతో కలిసినప్పుడు లేచే ఎర్రని పొగ నైట్రోజన్ డయాక్సైడ్, అది కూడా గంటల తర్వాతే ఊపిరితిత్తులను ముంచుతుంది. అచ్చు పోసే మట్టిలోనూ కొన్ని మెరుగు ముద్దల్లోనూ ఉండే సిలికా, అంటే ఇసుకరాతి సారం, ఊపిరితిత్తులను గట్టిపరిచి సిలికోసిస్ తెస్తుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాళ్లను పూసలుగా అరగదీసే కుటుంబాలను తరాలుగా పీడిస్తున్నది ఇదే రోగం, దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. మంట కింద ఆస్బెస్టాస్ పలకను పెట్టుకునే అలవాటు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని నేడే మానాలి, దానికి బదులు వాడదగిన సిరామిక్ పలకలు ఉన్నాయి.

కృష్ణా జిల్లా మచిలీపట్నం గిల్టు నగల పనిలో మరో ముప్పు ఉంది. రాగి, ఇత్తడి మీద బంగారపు పూత పెట్టే తొట్లలో సయనైడ్ లవణాలు వాడతారు. ఆ ద్రావణంలో ఆమ్లం పడితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది, అది నిమిషాల్లో ప్రాణం తీయగలదు. శుభ్రపరిచే ఆమ్లమూ పూత తొట్టీ ఒకే గదిలో, ఒకే బల్ల మీద ఉండకూడదన్న నియమం చిన్నదిగా కనిపిస్తుందిగాని, ఈ మొత్తం వృత్తిలో ఇంతకంటే కఠినంగా పాటించవలసింది మరొకటి లేదు.

చట్టం వీరిలో చాలామంది గడప దాకా రాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది పనివారుంటే గాని వర్తించేది కాదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత స్మృతి ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. చాతం సామిల్లు వంటి చోట్ల తనిఖీకి అధికారి వస్తాడు. ముగ్గురు నలుగురు కూర్చునే కంసాలి గదికి ఎవరూ రారు. ఆ గది చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది, పొయ్యి పక్కనే పిల్లలూ పడుకుంటారు.

అయినా దారి లేకపోలేదు, అది ఈ వృత్తి స్వభావంలోనే ఉంది. రజనును వదులుకోని పనివాడికి పొగను పట్టుకోవడం కొత్త విద్య కాదు. గదినిండా గాలి ఆడించే ఫంకా మంటను చెదరగొడుతుంది, పొగను పక్కవారి ముఖాన కొడుతుంది. దానికి బదులు పొగ పుట్టేచోటే దాన్ని లాగే గొట్టం కావాలి. ఇక్కడ ఒక భౌతిక నియమం గుర్తుంచుకోవాలి: ఊదే గాలి దూరం పోతుంది, పీల్చే గాలి దూరం నుంచి రాదు. గొట్టం నోటి నుంచి దాని వ్యాసమంత దూరం జరిగేసరికి లాగే వేగం సుమారు పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి నాలుగు అంగుళాల గొట్టాన్ని గోడకు బిగిస్తే ప్రయోజనం లేదు, అది మంటకు జానెడు లోపల, పనివాడికి ఎదురుగా ఉండాలి. పొగ ముఖం మీదుగా కాక ముఖానికి దూరంగా పోవాలి. మెరుగు పట్టే చక్రాలకు ఇలాంటి పీల్చే పెట్టెలను పెద్ద పనిశాలలు ఇప్పటికే బిగించుకున్నాయి, ఆ సంచిలో చేరే బంగారు పొడి విలువ కోసం. ఊపిరి కోసం బిగించినా సంచిలో చేరే బంగారం అదే, పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేదీ అలాగే. ముఖానికి కట్టుకునే చేతిరుమాలు సన్నని పొగను ఆపలేదు. ఎన్95 మాస్కు ముఖానికి సరిగా అతికితే కణాలను ఆపుతుంది, ఆమ్లపు ఆవిరినీ సయనైడ్ వాయువునూ ఆపదు. మాస్కు కంటే గొట్టం మేలు, గొట్టం కంటే కాడ్మియం లేని టంకం మేలు.

వృత్తి రోగాల వైద్యానికి ఆద్యుడుగా భావించే ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని 1700లో వెలువరించిన గ్రంథంలో, రోగిని వైద్యులు అడిగే ప్రశ్నలకు తోడు ‘ఏం పని చేస్తావు’ అన్న ప్రశ్నను కూడా చేర్చాలని కోరాడు. చాతంలోనైనా మచిలీపట్నంలోనైనా తగ్గని దగ్గుతో వచ్చినవారిని వైద్యులు ఆ ప్రశ్న అడగాలి. నగ కొనేవారు క్యారెట్లూ తరుగూ మజూరీ అడిగిన నోటితోనే అతుకు ఏ టంకంతో పెట్టారో కూడా అడగాలి.